డింగో స్కౌట్ కారుకు వెనక్కి కూడా ఐదు గేర్లు ఎందుకు పెట్టారు?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ కవచ గస్తీ బండి డైమ్లర్ డింగో స్కేల్ మోడల్ కడుతున్నారు. బండి చూస్తే మరీ చిన్నది, ఆయుధమంటే ఒక్క బ్రెన్ గన్, అంటే తేలికపాటి మెషిన్‌గన్. ట్యాంకులు తిరిగే యుద్ధంలో ఇది ఏం ఉద్ధరించింది? ముందుకు ఐదు గేర్లుంటే సరే, వెనక్కి కూడా ఐదు ఎందుకు? మొదట్లో నాలుగు చక్రాలూ తిరిగే స్టీరింగ్ పెట్టి, తర్వాత దాన్ని ఎందుకు పీకేశారు?

మూడింటికీ కలిపి ఒకటే జవాబు. డింగోను కొట్లాటకు చేయలేదు. వెళ్ళి, చూసి, ప్రాణాలతో తిరిగొచ్చి చెప్పడానికి చేశారు. శత్రువు కంటపడితే ఎదురు నిలబడదు, పారిపోతుంది. బండి తిప్పుకునే టైమ్ ఉండదు కాబట్టి వచ్చినదారినే వెనక్కి పోవాలి, అదీ ముందుకు వెళ్ళినంత వేగంగా. వెనక్కి ఐదు గేర్లు అందుకే. నాలుగు చక్రాల స్టీరింగ్ కూడా ఇరుకు సందుల్లో గబుక్కున తిరగడానికే పెట్టారు, కానీ మామూలు డ్రైవర్ల చేతిలో అది అదుపు తప్పేది. అందుకని మార్క్ 2 (సవరించిన రెండో రకం) నుంచి ముందు చక్రాలకే పరిమితం చేశారు.

ఇంతటితో సరిపోతే ఇక్కడే ఆపేయండి. వివరం కావాలంటే చదవండి. నేను ఇంగ్లండ్‌లో, కొవెంట్రీ దగ్గర కార్ల ట్రాన్స్‌మిషన్ల మీద, అంటే ఇంజిన్ శక్తిని చక్రాలకు చేర్చే భాగాల మీద పనిచేస్తాను. సెలవు రోజుల్లో పాత సైనిక వాహనాలు బాగుచేసే ఒక పెద్దాయన షెడ్డుకు వెళ్ళి నాకు చేతనైన పని చేస్తుంటాను. ఆయన దగ్గరున్నది మార్క్ 2 డింగో. కాబట్టి ఈ జవాబులో తుపాకుల కంటే గేర్ల గోల ఎక్కువ ఉంటుంది.

ముందు ఇది ఎలా పుట్టిందో చూద్దాం. 1938లో బ్రిటిష్ యుద్ధ శాఖ చిన్న స్కౌట్ కారు కావాలని కంపెనీలను అడిగింది. మోరిస్, ఆల్విస్, బీఎస్ఏ మూడూ తలా ఒక నమూనా చేసి తెచ్చాయి. బీఎస్ఏ అంటే మన దగ్గర సైకిళ్ళ మీద చూసిన పేరే. బర్మింగ్‌హామ్‌లో తుపాకులు, మోటార్‌సైకిళ్ళు చేసే పెద్ద కంపెనీ అది. మోరిస్ బండి మొదట్లోనే తప్పుకుంది. ఆల్విస్ బండి వేగంలో గట్టిదే, కానీ బరువు పైన ఎక్కువ కావడంతో గతుకుల్లో ఒరిగే బెడద ఉండేది. బీఎస్ఏ గెలిచింది. తమాషా ఏంటంటే, డింగో అన్న పేరు ఆల్విస్‌ది. ఓడిపోయిన బండి పేరు గెలిచిన బండికి అంటుకుని అలాగే ఉండిపోయింది.

గెలిచాక యుద్ధ శాఖ కొత్త కోరిక కోరింది: కవచం ఇంకా కావాలి, తల మీద కప్పు కూడా కావాలి. దాంతో బరువు పెరిగింది, పాత చాసిస్, పాత ఇంజిన్ సరిపోలేదు. చాసిస్ గట్టిపరిచి, పెద్ద ఇంజిన్ పెట్టి మళ్ళీ చేశారు. ఆ పని బీఎస్ఏ గ్రూపులోనే ఉన్న కొవెంట్రీ కార్ల కంపెనీ డైమ్లర్ చేతికి వచ్చింది. 1939 మేలో తొలి ఆర్డర్ 172 బళ్ళకు. యుద్ధం ముగిసేసరికి చేసినవి 6,626. యుద్ధం మొదటి నుంచి చివరిదాకా తయారీ ఆగని కవచ వాహనాలు బ్రిటన్‌కు బహు కొద్ది, వాటిలో డింగో ఒకటి. 1940 నవంబర్ 14 రాత్రి కొవెంట్రీ మీద జర్మన్ బాంబు దాడి గురించి వినే ఉంటారు. ఊళ్ళోని రాడ్‌ఫర్డ్‌లో ఉన్న డైమ్లర్ ఫ్యాక్టరీ కూడా ఆ కాలపు దాడుల్లో దెబ్బతింది. అయినా పని నడిచింది.

కొలతలు మీ మోడల్ కోసం చెబుతున్నా. పొడవు సుమారు 3.2 మీటర్లు, వెడల్పు 1.7, ఎత్తు 1.5 మీటర్లు. అంబాసిడర్ కారు కంటే కూడా పొట్టి అన్నమాట. బరువు సుమారు 3 టన్నులు. ఇద్దరే మనుషులు. వెనక 2.5 లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, 55 హార్స్‌పవర్. రోడ్డు మీద గంటకు 88 కిలోమీటర్ల దాకా పోతుంది, ఒక ట్యాంకు పెట్రోల్‌తో 320 కిలోమీటర్లు.

కవచం లెక్క చూస్తే మొత్తం కథ అర్థమవుతుంది. ముందు భాగం 30 మిల్లీమీటర్లు, పక్కలు 12. ఎదురుగా తుపాకీ పేలితే, బండిని అడ్డంగా తిప్పిన క్షణంలో పల్చటి పక్క భాగం శత్రువుకు దొరుకుతుంది. తిప్పకుండా రివర్స్‌లో పోతే మందంగా ఉన్న ముక్కే శత్రువు వైపు ఉంటుంది. అంటే రివర్స్ గేర్లు సౌకర్యం కాదు, కవచంలో భాగం. ఈ సంగతి పట్టుబడితే డింగోలో మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

డ్రైవర్ సీటు చూడండి, తిన్నగా ఉండదు. కుడివైపు కూర్చునే డ్రైవర్ సీటును కొంచెం లోపలి వైపుకు తిప్పి బిగించారు. రివర్స్‌లో పోయేటప్పుడు ఎడమ భుజం మీదుగా వెనక్కి చూడటానికి అది. మోడల్ కట్టేవాళ్ళలో చాలామంది సీటు వంకరగా వచ్చిందని సరిచేసి అతికిస్తారు. సరిచేయకండి, అది అలాగే ఉండాలి.

ఇక గేర్‌బాక్స్. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మామూలు కారులో ఆరోజుల్లో గేరు మార్చాలంటే క్లచ్ తొక్కాలి, కర్ర లాగాలి, గేర్లు కరకరలాడకుండా వేగం సరిచూసుకోవాలి. భయంలో ఉన్న డ్రైవర్ చేతిలో ఇంజిన్ ఆగిపోవడం చాలా మామూలు. స్కౌట్ కారుకు అది చావుతో సమానం. డైమ్లర్ దగ్గర దీనికి మందు అప్పటికే ఉంది. 1930 నుంచి తన ఖరీదైన కార్లలో రెండు వస్తువులు కలిపి వాడుతోంది. ఒకటి ఫ్లూయిడ్ ఫ్లైవీల్: ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఇనుముకు ఇనుము తగలదు, నూనె ద్వారా శక్తి అందుతుంది. గేరులో ఉన్నా బండి ఆగి ఉండగలదు, ఇంజిన్ ఆగదు. రెండోది విల్సన్ ప్రీసెలెక్టర్ గేర్‌బాక్స్. మొదటి ప్రపంచ యుద్ధంలో తొలి ట్యాంకుల రూపకల్పనలో చేయి ఉన్న వాల్టర్ విల్సనే దీనికీ కర్త. షోకు కార్ల కోసం ఎదిగిన యంత్రం యుద్ధంలో స్కౌట్ బండికి పనికొచ్చింది.

ప్రీసెలెక్టర్ ఎలా పనిచేస్తుందంటే, చిన్న లీవరుతో తర్వాత ఏ గేరు కావాలో ముందే చెప్పి పెడతాం. అప్పుడు ఏమీ జరగదు. అవసరం వచ్చినప్పుడు ఎడమ కాలి పెడల్ ఒక్కసారి తొక్కి వదిలితే ఆ గేరు పడుతుంది. లోపల గేర్లు ఎప్పుడూ ఒకదానికొకటి పట్టుకునే ఉంటాయి. ఏ గేరు చుట్టూ ఉన్న బ్రేకు పట్టీ బిగుసుకుంటే ఆ గేరు పనిలోకి వస్తుంది. ఇప్పుడు ఒక ఊరి మలుపు దగ్గర ఆగిన డింగోను ఊహించుకోండి. ఇంజిన్ నడుస్తోంది, లీవరు పెట్టే ఉంది, కాలు పెడల్ పక్కనే. పక్కనున్నవాడు తల ఎత్తి చూసి "పద" అంటే చాలు, ఆలోచించాల్సింది ముందే అయిపోయింది.

ఐదు రివర్స్ గేర్ల రహస్యం కూడా ఇక్కడే. గేర్‌బాక్స్‌లో విడిగా ఐదు రివర్స్‌లు చేయలేదు. దాని తర్వాత వచ్చే, శక్తిని చక్రాల వైపు పంపే ట్రాన్స్‌ఫర్ బాక్స్‌లో ముందుకా వెనక్కా అన్న మరో లీవరు ఉంటుంది. దాన్ని వెనక్కి వేస్తే అవే ఐదు గేర్లూ వెనక్కి పనిచేస్తాయి. మెకానిక్‌గా చూస్తే పెద్ద ఖర్చు లేని ఏర్పాటు.

ఈ గేర్‌బాక్స్‌కు ఒక చెడ్డగుణం ఉంది. పెడల్‌ను అడుగంటా తొక్కాలి. సగం తొక్కి వదిలితే, లేదా పట్టీల సర్దుబాటు సరిగా లేకపోతే, పెడల్ మామూలు చోటును దాటి పైకి వచ్చేస్తుంది, అదీ స్ప్రింగ్ బలమంతా వెనకేసుకుని. కాలి మడమకో మోకాలికో తగిలితే చుక్కలు కనిపిస్తాయి. తిరిగి లోపలికి తొక్కాలంటే రెండు కాళ్ళూ పెట్టి, వీపు సీటుకు ఆనించి నెట్టాలి. మా షెడ్డులో కొత్తగా నడిపేవాళ్ళకు మొదట నేర్పేది స్టీరింగ్ కాదు, ఈ పెడలే. బండి కదలకుండానే పది నిమిషాలు ఒట్టి తొక్కిస్తాం. మా బంధువు ఒకాయన సైన్యంలో వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఈఎమ్ఈ విభాగంలో పనిచేసి సికింద్రాబాద్‌లో రిటైరయ్యాడు. ఆయన డింగో చూడలేదు కానీ, దాని వారసురాలు ఫెర్రెట్‌ను బాగుచేశాడు. ఫోన్‌లో ఈ పెడల్ సంగతి ఎత్తగానే "అది ఇంకా తంతోందా?" అన్నాడు.

ఇప్పుడు స్టీరింగ్. ఇది మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం, ఎందుకంటే చాలాచోట్ల దీనికి సగం జవాబే ఇస్తారు.

మార్క్ 1లో ముందు చక్రాలు కుడికి తిరిగితే వెనక చక్రాలు ఎడమకు తిరుగుతాయి. దాంతో బండి దాదాపు 7 మీటర్ల వలయంలో తిరిగిపోయేది. కానీ వేగంగా పోతున్నప్పుడు చేయి కొంచెం కదిలినా వెనక భాగం బయటికి విసురుకుంటుంది. అనుభవం ఉన్నవాడు సర్దుకుంటాడు. కొద్ది వారాల శిక్షణతో వచ్చిన కుర్రాడు సర్దుకోలేడు. ఇంకో చిక్కు కూడా ఉంది: గోడను ఆనుకుని ఆగిన బండిని పక్కకు తీయబోతే తోక గోడకు రాసుకుంటుంది. యుద్ధం పెరిగి వేలమంది కొత్త డ్రైవర్లు వచ్చాక ఇది కుదరని పని. మార్క్ 2లో వెనక చక్రాల స్టీరింగ్ తీసేశారు, తయారీ కూడా తేలికైంది. సాధారణంగా చెప్పేది ఇంతవరకే.

మిగతా సగం బండి అడుగున ఉంది. డింగోలో మామూలు అర్థంలో ఇరుసులు లేవు. బండి మధ్యలో ఒకే ఒక డిఫరెన్షియల్, అంటే మలుపులో కుడి ఎడమ చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె. అక్కడి నుంచి కుడివైపు రెండు, ఎడమవైపు రెండు షాఫ్టులు ఒక్కో చక్రానికి పోతాయి, చక్రం దగ్గర ఆ తిరుగుడును చక్రం వైపు మళ్ళించే ఒక్కో బెవెల్ గేరు పెట్టె. పైనుంచి చూస్తే ఇంగ్లిష్ హెచ్ అక్షరం ఆకారం. ఈ ఏర్పాటు వల్లే నడుమ షాఫ్టు అడ్డం లేక, మనుషులు కిందికి కూర్చోగలిగారు. బండి అంత పొట్టిగా వచ్చింది అందుకే. ఒక్కో చక్రానికి విడి కాయిల్ స్ప్రింగ్ ఉండటంతో గతుకుల్లో నడక కూడా బాగుంటుంది.

దీనికి చెల్లించే ధర ఇది: ఒకే వైపున్న ముందు చక్రం, వెనక చక్రం గేర్లతో ముడిపడి ఉంటాయి, రెండూ ఒకే వేగంతో తిరగక తప్పదు. మలుపులో వెనక చక్రం ముందు చక్రం కంటే లోపలి దారిలో పోతుంది, అంటే తక్కువ దూరం. రెండూ ఒకే వేగంతో తిరగాలి, కానీ నడిచే దూరం వేరు. మట్టి మీద టైరు కొంచెం జారి లెక్క సరిపోతుంది. తారు రోడ్డు మీద జారదు, షాఫ్టులు మెలితిరిగి బిగుసుకుంటాయి. ఇప్పుడు మార్క్ 1ను గుర్తు చేసుకోండి. నాలుగు చక్రాలూ తిరిగితే వెనక చక్రం దాదాపు ముందు చక్రం దారినే వస్తుంది, దూరం తేడా పెద్దగా ఉండదు, బిగుసుకోవడమూ ఉండదు. నా ఉద్దేశంలో ఆ ట్రాన్స్‌మిషన్‌కు ఆ స్టీరింగే సరైన జోడీ. డ్రైవర్ల కోసం జోడీని విడదీశారు, ఆ భారం షాఫ్టుల మీద పడింది. యుద్ధకాలంలో అది సబబైన నిర్ణయమే. అప్పట్లో బండి ఎన్నేళ్ళు బతుకుతుందో ఎవరికి లెక్క?

మాకు మాత్రం లెక్కే. ప్రదర్శనకు వెళ్ళినప్పుడు తారు వేసిన పార్కింగ్‌లో గుండ్రంగా తిప్పమని అడుగుతారు, మా పెద్దాయన ఒప్పుకోడు. నాలుగు మలుపులు తిరిగాక బండి బ్రేక్ వేసినట్టు బరువుగా కదులుతుంది, చక్రం దగ్గరి పెట్టెల మీద చేయి పెడితే కాలుతుంది. విరుగుడు సులువే. ఒక చక్రాన్ని పేవ్‌మెంట్ అంచు మీదికి ఎక్కించి దింపితే, గాలిలో తేలిన క్షణంలో ఆ మెలిక "టక్"మని విడిపోతుంది. ఇంకో నియమం, నాలుగు టైర్లూ ఒకే చుట్టుకొలతతో ఉండాలి. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది వేస్తే తిన్నగా పోయినా బిగుసుకుంటుంది.

టైర్ల మాట వచ్చింది కాబట్టి, డింగోకు స్టెప్నీ లేదు. గాలి పోయినా నడిచే, దాదాపు గట్టి రబ్బరులాంటి రన్‌ఫ్లాట్ టైర్లు. మీ కిట్‌లో విడి చక్రం వస్తే అది వేరే బండిదని అనుకోండి.

లోపాలు దాచను. అడుగున నున్నటి పళ్ళెంలాంటి రేకు ఉంటుంది, గట్ల మీద బండి పొట్ట ఆనినా జారి ముందుకు పోవడానికి. అదే రేకు మందుపాతర పేలితే మనుషుల పాలిట శత్రువు. పై కప్పుదీ అలాంటి కథే. యుద్ధ శాఖ పట్టుబట్టి పెట్టించిన కప్పు మార్క్ 1లో జరిపేది, మార్క్ 1ఏలో మడిచేది. చూడటానికి వెళ్ళినవాళ్ళకు కప్పు మూస్తే ఏం కనిపిస్తుంది? చివరికి మార్క్ 3లో కప్పే తీసేశారు, ఇగ్నిషన్‌కు నీళ్ళు తగలకుండా ఏర్పాటు చేశారు. మధ్యలో మార్క్ 1బీలో ఇంజిన్ చల్లబరిచే ఏర్పాటు, రేడియేటర్ గ్రిల్లులు మారాయి. డింగో ఎదుగుదలలో కలిపినవాటి కంటే తీసేసినవే నాకు ముఖ్యంగా కనిపిస్తాయి.

ఇది ఏం ఉద్ధరించిందన్నారు కదా. 1940లో ఫ్రాన్స్ యుద్ధంలోనే మొదటి బళ్ళు రంగంలో దిగాయి. తర్వాత ఉత్తర ఆఫ్రికా, ఇటలీ, నార్మండీ. 1944 నాటికి బ్రిటిష్ ఆర్మర్డ్ కార్ రెజిమెంట్‌లో ఒక ట్రూప్ (చిన్న దళం) అంటే మామూలుగా రెండు డైమ్లర్ ఆర్మర్డ్ కార్లు, రెండు డింగోలు. పెద్ద బండి దగ్గర టూ-పౌండర్ అనే చిన్న ఫిరంగి ఉంటుంది, చిన్నది ముందు వెళ్ళి తొంగిచూస్తుంది, రేడియోలో చెబుతుంది. ఇంజిన్ చప్పుడు తక్కువ కావడం దీనికి పెద్ద వరం. ఆఫీసర్లు కూడా అటూ ఇటూ తిరగడానికి దీన్నే కోరుకునేవారు. తుపాకీ లెక్కలో బ్రెన్ చాలా తక్కువే. పెద్ద తుపాకీ ఉంటే కాల్చాలనిపిస్తుంది, స్కౌట్‌కు అది మంచిది కాదు.

డిమాండ్‌కు తగినన్ని డింగోలు రాలేదు. అందుకే బ్రిటన్‌లోనే హంబర్ కంపెనీ మరో స్కౌట్ కారు చేసింది, 4,000కు పైగా. కెనడాలో ఫోర్డ్ వాళ్ళు డింగో లాంటి పై భాగాన్ని మామూలు ఇరుసుల చాసిస్ మీద, 95 హార్స్‌పవర్ వీ8 ఇంజిన్‌తో పెట్టి లింక్స్ అన్నారు, 3,200కు పైగా చేశారు. బలం దాదాపు రెట్టింపు, కానీ బరువు 4 టన్నులు దాటింది, ఇరుసుల వల్ల ఎత్తూ పెరిగింది. అసలు సుగుణం పోయింది. శత్రువు మెచ్చుకోవడం కంటే పెద్ద సర్టిఫికెట్ ఉండదు: ఇటలీలో లాన్షియా కంపెనీ దీన్నే చూసి లిన్చే అనే బండి చేసింది.

అమెరికా వాళ్ళ వైట్ ఎం3ఏ1 కూడా స్కౌట్ కారే, 20,000కు పైగా చేశారు. కానీ ఎనిమిది మంది ఎక్కే, పైన తెరిచి ఉండే, దాదాపు లారీ లాంటి బండి. పేరు ఒకటే, పని వేరు. రెండింటినీ పోల్చి ఏది గొప్ప అని వాదించేవాళ్ళను పట్టించుకోకండి.

మన దేశం సంగతి కూడా చెబుతాను, ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి. ఆ యుద్ధంలో భారత్‌లో తయారైంది డింగో కాదు. ఫోర్డ్ కెనడా చాసిస్‌లు తెప్పించి, జంషెడ్‌పూర్ టాటా ఉక్కుతో కవచం కట్టిన ఇండియన్ ప్యాటర్న్ వీల్డ్ క్యారియర్. సైనికులు దాన్ని టాటానగర్ అనేవారు. 4,600 దాకా చేశారు, భారత దళాలు వాటిని బయటి రంగాల్లోనూ వాడాయి. గస్తీకి అదీ పనికొచ్చింది కానీ లోపలి యంత్రం సాదా లారీదే. డింగో వంశం మన సైన్యంలోకి వచ్చింది యుద్ధం తర్వాత, ఫెర్రెట్ రూపంలో. అదే హెచ్ ఆకారం, అదే ఫ్లూయిడ్ ఫ్లైవీల్, అదే ప్రీసెలెక్టర్, అవే ఐదు రివర్స్‌లు, ఇంజిన్ మాత్రం రోల్స్ రాయిస్. 1952 నుంచి 1971 దాకా 4,409 చేశారు.

మీ మోడల్ దగ్గరికి వద్దాం. మార్క్ 2 అయితే వెనక చక్రాలు తిన్నగా ఉంచండి, ముందువి మాత్రమే తిప్పండి. మార్క్ 1 కడితే వెనకవి ముందువాటికి ఎదురు దిశలో తిప్పాలి. చాలామంది ఒకే దిశలో తిప్పి అతికిస్తారు. మార్క్ 3 అయితే కప్పు భాగాలు డబ్బాలోనే ఉంచేయండి. లోపల ఖాళీ ఎక్కువ వదలొద్దు, రేడియో, బ్రెన్ మ్యాగజీన్లు, సామాన్ల మధ్య ఇద్దరు మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేంత చోటే ఉంటుంది. ఎడమ కాలి పెడల్ కిట్‌లో విడి ముక్కగా వస్తే ఏ ఎత్తులో అతికించాలో చెప్పండి అని మీరు అడిగితే, దానికి మాత్రం మా బండి ఫొటో తీసి పెడతాను.